వాన తగ్గిందా, జిల్లా హద్దు మారిందా?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. మా నాన్న 1991 నుంచి రెయిన్‌గేజితో వాన కొలిచి పుస్తకంలో రాస్తున్నారు. పదేళ్లుగా వాన తగ్గినట్టుంది. జిల్లా సగటుతో పోల్చి చూడొచ్చా?

జవాబు: ఒకే చోట ముప్పై ఏళ్లకు పైగా కొలిచిన లెక్క దొరకడం చాలా అరుదు. పుస్తకం భద్రంగా దాచండి. జిల్లా సగటుతో మాత్రం పోల్చొద్దు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది. వాన ఎక్కువ పడే గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. దాంతో ఒక్క చినుకు తగ్గకపోయినా అప్పట్లో నెల్లూరు సగటు కాగితం మీద తగ్గింది. మీ మండలం లెక్కతోనే పోల్చండి.

ముందు గేజి దగ్గరికెళ్లి తలెత్తి చూడండి. 1991లో మొక్కగా ఉన్న వేపచెట్టు ఇప్పుడు గేజి మీదికి వాలి ఉంటే, తగ్గింది వాన కాదు, గేజిలో పడే నీళ్లు. చెట్టయినా గోడయినా దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరం ఉండాలి. కొలవని రోజును సున్నా అని రాశారేమో కూడా చూడండి. అది ఖాళీగానే ఉండాలి. ఉదయం 8.30కి కొలిచిన వాన ఆ రోజు తేదీ కిందికే వస్తుంది.

తర్వాత జూన్-సెప్టెంబరు, అక్టోబరు-డిసెంబరు వానల్ని విడివిడిగా కూడండి. మన వైపు శనగకూ పొగాకుకూ రెండోదే ప్రాణం. 30 ఏళ్ల అంకెల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చి నడుమనున్న 15, 16వ అంకెల సగటు తీయండి. మామూలు సగటును 2015, 2021 లాంటి ఒక్క వరద ఏడాదే పైకి లాగేస్తుంది.

ఇంకొకటి, నా దృష్టిలో ఇదే అసలు సంగతి: ఏటా 2.5 మి.మీ., ఆపైన పడిన రోజులు (వాన రోజులు) ఎన్ని, 64.5 మి.మీ. దాటిన రోజులు (భారీ వాన రోజులు) ఎన్ని? అదే 500 మి.మీ. ముప్పై రోజుల్లో పడితే చేనుకు పదును. ఎనిమిది రోజుల్లో కుమ్మరిస్తే చాలావరకు మన్నేరులో కలిసి సముద్రానికి పోతుంది. మొత్తం మారకుండానే రైతుకు వాన తగ్గొచ్చు.

ప్రశ్న: ఎల్ నినో అంటే కరువంటారు. మరి 2015లో నెల్లూరు ఎందుకు మునిగింది?

జవాబు: ఎల్ నినో అంటే పసిఫిక్ సముద్రం మామూలు కన్నా వేడెక్కడం. అది ఎక్కువగా దెబ్బతీసేది నైరుతినే. మన తీరంలో ఈశాన్య వానల్ని అది తరచూ పెంచుతుంది. అయితే 2021లో, సముద్రం చల్లబడే లా నినా ఉండగానే పెన్నా పొంగింది. అందుకే ఎల్ నినో ఒక్కదాన్నే నమ్మి విత్తనం వేయకండి.