వేరియబుల్ టర్బోలో వేన్ ఆకారంకన్నా దాని పక్కనున్న సందే కష్టం

వేరియబుల్ జామెట్రీ టర్బోలో, అంటే ఎగ్జాస్టు వాయువుతో తిరిగే టర్బైన్ చక్రం చుట్టూ తెరుచుకుంటూ మూసుకునే చిన్న రెక్కలున్న టర్బోలో, ఆ రెక్కల (వేన్ల) ఆకారాన్ని ఎలా నిర్ణయిస్తారు, ఆ రూపకల్పనలో అన్నిటికన్నా కష్టమైనది ఏది అని అడిగారు. కొన్నేళ్లు ఆ పనిలోనే ఉన్నవాణ్ణి కనుక నిర్మొహమాటంగా చెబుతాను: కష్టం ఆకారంలో లేదు, వేన్ అంచుకూ పక్కగోడకూ మధ్య వదిలే సందులో ఉంది.

ఇంజిన్ తక్కువ వేగంలో ఉన్నప్పుడు వేన్లు దాదాపు మూసుకొని, ఉన్న కాస్త ఎగ్జాస్టునే ఇరుకు దారిలో వేగంగా పంపి టర్బైన్ చక్రాన్ని తిప్పాలి. సరిగ్గా ఆ స్థితిలోనే వేన్‌కు ఇరువైపులా పీడనంలో తేడా పెరిగి, వాయువు సందులోంచి జారిపోతుంది. అందుకని మేము ఆ సందును మిల్లీమీటరులో పదో వంతుకన్నా తగ్గించాము. ఇంజిన్ లేకుండా వేడి వాయువుతో టర్బోను పరీక్షించే గ్యాస్ స్టాండు మీద ఫలితాలు చూసి మురిసిపోయాము కూడా.

తరువాత ఇంజిన్ బెంచి మీద పదేపదే వేడిచేసి చల్లార్చే పరీక్ష మొదలైంది. ఒక ఉదయం వేన్లను తిప్పే యాక్చుయేటర్ లివర్ కదలలేదు. చేత్తో నెట్టినా రాలేదు. మసి పట్టేసిందని అందరూ తీర్పు చెప్పేశారు. టర్బోకు ఏ జబ్బు చేసినా ముందు మసినే నిందించడం ఈ రంగంలో పాత అలవాటు. విప్పి చూస్తే మసి పలుచగానే ఉంది. వేన్లను అమర్చిన నాజిల్ రింగు మీద మాత్రం వేన్ తిరిగే దారి వెంబడి నెలవంకల్లాంటి మెరిసే గీతలు పడ్డాయి, అవి కూడా హౌసింగ్ (టర్బైన్ చుట్టూ ఉండే నత్తగుల్లలాంటి తొడుగు) నాలుకకు, అంటే ఆ తొడుగు చుట్టు మొదలయ్యే చోట ఉన్న అంచుకు, దగ్గరగా ఉన్న మూడు వేన్ల కిందనే. హౌసింగ్ అంతటా ఒకేలా వేడెక్కదు, ఒకేలా వ్యాకోచించదు. దానికి బోల్టులతో బిగించిన మా రింగు దానితోపాటే వంగి, మేము తగ్గించిన ఆ సందు మూసుకుపోయి వేన్లు బిగుసుకున్నాయి. రంగురంగుల సిమ్యులేషన్ చిత్రాలలో ఆ వంపు కనబడలేదు, ఎందుకంటే అందులో గోడలను కదలనివిగా భావించాము. చివరకు వేన్ల అమరికను హౌసింగ్ నుంచి విడదీసి, స్పేసర్లతో (మధ్యలో పెట్టే చిన్న దిమ్మెలతో) పక్కగోడల మధ్య దూరాన్ని ఖాయం చేసి, వెనుకనుంచి పళ్లెంలాంటి డిస్క్ స్ప్రింగుతో ఆనించాము. వేన్ ఆకారంలో ఒక్క గీత కూడా మార్చలేదు.

పెట్రోలు ఇంజిన్లలో ఇలాంటి టర్బోలు చాలాకాలం అరుదుగా ఉండడానికీ ముఖ్య కారణం ఈ వేడీ, ఈ సందే. 1989లో షెల్బీ సీఎస్‌ఎక్స్ వంటి ఒకటి రెండు కార్లు వచ్చినా, 2006లో పోర్షే 911 టర్బో వచ్చేదాకా వీటికి పేరు రాలేదు. డీజిల్ ఎగ్జాస్టు 800 డిగ్రీల పరిసరాల్లో ఉంటే పెట్రోలుది 1000 డిగ్రీలకు చేరగలదు. అక్కడ సందును నిలబెట్టాలంటే ఖరీదైన నికెల్ మిశ్రలోహాలు తప్పవు.

ఆకారం గురించి అడిగారు కనుక కీలు (వేన్ తిరిగే ఇరుసు) స్థానం గురించి కూడా చెప్పాలి. కీలు వేన్ ముందంచుకు దగ్గరగా ఉంటే, యాక్చుయేటర్ చెడిన రోజున వాయువు తోపుకే వేన్లు తెరుచుకుంటాయి. లేకపోతే మూసుకుపోయి చక్రం హద్దు దాటి తిరుగుతుంది. మేము కీలును ముందుకు జరిపినప్పుడు వేన్లను మూయడానికి ఇంకా బలమైన యాక్చుయేటర్ కావలసివచ్చింది, ఖర్చు చూసేవారు దానికి నెల రోజులు ఒప్పుకోలేదు.