ఎమ్మెల్యే అయ్యాక కంపెనీ కొలువా? వరస మార్చుకోవాలి

ప్రశ్న: మావాడు విశాఖలో బీకాం రెండో ఏడాది చదువుతున్నాడు. ముందు రాజకీయాల్లో తిరిగి ఎమ్మెల్యే అవుతాడట, తర్వాత పెద్ద కంపెనీలో హోదా ఉన్న ఉద్యోగం వస్తుందట. ఇది జరిగే పనేనా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: జరుగుతుందమ్మా, కానీ మీవాడు చెప్పే వరసలో కష్టం. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రానికి మైక్ బేర్డ్ 2014 నుంచి 2017 వరకు ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి. దిగిపోయిన ఏడాదే నేషనల్ ఆస్ట్రేలియా బ్యాంకులో ఉన్నతోద్యోగంలో చేరారు. అయితే రాజకీయాల్లోకి రాకముందే ఆయన బ్యాంకర్. పదవి ఆ పాత వృత్తికి తోడైంది. వృత్తి లేనివారికి పదవి పోయాక మిగిలేవి పరిచయాలే.

పరిచయాలతో చేసేది పైరవీ. డబ్బు పుచ్చుకుని, పలుకుబడితో అధికారి చేత అక్రమంగా పని చేయించబోతే అవినీతి నిరోధక చట్టం 7ఏ సెక్షన్ కింద 3 నుంచి 7 ఏళ్ల జైలు.

కంపెనీలు జీతమిచ్చి కోరుకునే పని ఎలా ఉంటుందో మీవాడు ఒక ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లి చూడాలి. పర్యావరణ అనుమతి కోసం జరిగే ఈ సభను కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటిస్తుంది. ప్రాజెక్టు వల్ల పర్యావరణంపై పడే ప్రభావం గురించిన నివేదిక సారాంశం తెలుగులో ఉంటుంది, ముందే చదవాలి. అక్కడ కంపెనీ ప్రతినిధి తడబడేది ఎక్కువగా ఒకచోటే: మత్స్యకారులు వేట గురించి, ఊరివాళ్లు బోరునీళ్ల గురించి అడిగితే ఆయన సాంకేతిక లెక్కలు చదువుతాడు. లేదంటే చప్పట్ల కోసం నివేదికలో లేని ఉద్యోగాలు ప్రకటిస్తాడు. సభంతా వీడియో తీస్తారు, మినిట్స్ రాస్తారు. ఆ మాట తర్వాత కంపెనీ మెడకే చుట్టుకుంటుంది. ప్రతి అభ్యంతరం, దానికిచ్చిన జవాబు పక్కపక్కనే రాసుకోమనండి. ప్రజల మాటను, ఫైలు భాషను రెంటినీ పట్టుకోగలిగిన మాజీ ప్రజాప్రతినిధికే అక్కడ విలువ.

అసెంబ్లీకి పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి. ఆలోగా డిగ్రీ ముగించి లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయవచ్చు. చట్టసభల పనిపై పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌లో ఒక ఎంపీకి పరిశోధన సహాయకుడిగా పని చేయవచ్చు. దానికి వయసు 25 దాటకూడదు కనుక డిగ్రీ అవగానే దరఖాస్తు చేస్తే మేలు.

రాజకీయాలు మానమని పోరకండి. రాస్తారోకో కేసుల విషయంలో మాత్రం గట్టిగా చెప్పండి. ఏ నేరానికైనా 6 నెలలు, అంతకుమించి శిక్ష పడితే, అది ముగిసి 5 ఏళ్లు గడిచేదాకా కంపెనీ డైరెక్టర్‌గా నియమించడానికి వీల్లేదు. ఇప్పటికే కేసు ఉంటే వాయిదాలు ఎగ్గొట్టకుండా లాయరును పెట్టి తేల్చుకోమనండి.