మేస్త్రీ గారూ, ఆ లైటు ఎందుకు మెరుస్తోంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చిన్న ఎస్‌యూవీల గురించే. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా బండ్ల కింద పడుకుని లేస్తున్నాను, ఇంతమంది ఒకేసారి ఒకే రకం బండి మీద పడటం ఎప్పుడూ చూడలేదు. అన్నిటికీ జవాబు రాస్తే పత్రికలో వంటల పేజీకి చోటు ఉండదు. మూడు ఉత్తరాలు తీశాను.

ప్రశ్న: నేను టీచర్ని. పటమట నుంచి గుంటూరు రోజూ కారులో వెళ్లొస్తాను. ఎస్‌యూవీ తీసుకుందామనుకుంటున్నాం. ఒకే బండిలో మైల్డ్ హైబ్రిడ్, స్ట్రాంగ్ హైబ్రిడ్ అని రెండు చూపించారు. షోరూమ్ అబ్బాయి "రెండూ హైబ్రిడ్లే మేడమ్" అంటాడు. మా వారేమో స్ట్రాంగ్‌కి పెట్టే డబ్బులు దండగ అంటారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, పటమట

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. హైబ్రిడ్ అంటే పెట్రోలు ఇంజిన్‌కి తోడు కరెంటు మోటారు ఉన్న బండి. మైల్డ్‌లో ఆల్టర్నేటర్ ఉండాల్సిన చోట బెల్టుతో తిరిగే చిన్న మోటారు ఉంటుంది. ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తుంది, పికప్‌లో కాస్త చెయ్యేస్తుంది, స్పీడు తగ్గించినప్పుడు కొంచెం కరెంటు పుట్టిస్తుంది. అంతే. అదొక్కటే బండిని లాగలేదు. స్ట్రాంగ్‌లో మోటారు ఒక్కటే బండిని కదిలించగలదు. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్లలో మూడు సిలిండర్ల 1.5 లీటర్ ఇంజిన్, దానికి తోడు మోటారు. రెండూ కలిస్తే 115 హార్స్‌పవర్. బ్యాటరీ ఎంతనుకున్నారు? 0.76 కిలోవాట్ అవర్. కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్టు. మీ ఇంట్లో గీజరు అరగంట వేస్తే అంతకన్నా ఎక్కువే కాలుతుంది. అందుకే దీన్ని ప్లగ్గు పెట్టి ఛార్జి చేసే పని లేదు. మీరు బ్రేకు తొక్కినప్పుడల్లా కాస్త నిండుతుంది, కదిలినప్పుడల్లా కాస్త ఖర్చవుతుంది.

కాబట్టి మీ దారి చూడాలి. పటమట నుంచి బెంజ్ సర్కిల్, వారధి దాటేదాకా ఆగడం, కదలడం. స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి పండగంతా అక్కడే. మంగళగిరి దాటి కాజ టోల్‌గేటు నుంచి తొంభైలో పోతుంటే పని చాలావరకు ఇంజిన్‌దే, లాభం పల్చబడుతుంది. కంపెనీ లెక్క స్ట్రాంగ్‌కి లీటరుకి 27.97 కిలోమీటర్లు, మైల్డ్ మాన్యువల్‌కి 21.11. అవి కాగితం మీద. మీ దారికి నేనైతే 22, 16 వేసుకుంటాను. రోజుకి 70 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు, అంటే 1,750. నెలకి దాదాపు 30 లీటర్ల పెట్రోలు మిగులుతుంది. లీటరు 110 అనుకుంటే మూడు వేల మూడొందలు. మీ రెండు కొటేషన్ల మధ్య తేడా మూడు లక్షలుంటే అది తిరిగి రావడానికి ఏడున్నరేళ్లు పడుతుంది. ఐదేళ్లకోసారి బండి మార్చే ఇల్లయితే మీ వారిదే గెలుపు. పదేళ్లు ఉంచుకునేవాళ్లయితే మీది.

లెక్కలోకి రానిది ఒకటుంది. మే నెల మధ్యాహ్నం రెండింటికి సిగ్నల్ దగ్గర ఆగారనుకోండి. మైల్డ్‌లో ఇంజిన్ ఆగితే ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది, కాసేపటికి వెచ్చటి గాలి మొదలు. స్ట్రాంగ్‌లో కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది. ఇంజిన్ చప్పుడు లేకుండానే చల్లగాలి వస్తుంది. మన బెజవాడ ఎండలో దానికి రేటు ఎంత కట్టాలో నాకు తెలీదు. ఇంకోటి, బ్యాటరీ డిక్కీ కింద కూర్చుంటుంది కాబట్టి డిక్కీ చిన్నది. సంక్రాంతికి మీరు తీసుకెళ్లే సూట్‌కేసులే షోరూముకి పట్టుకెళ్లి పెట్టి చూడండి. నవ్వితే నవ్వనివ్వండి.

ప్రశ్న: మేస్త్రీ గారూ, మొన్న వానలో ప్రత్తిపాడు నుంచి గుంటూరు యార్డుకి వస్తున్నాను. ట్రాక్టర్లు రోడ్డు మీదకి తెచ్చిన బురద ఉన్న మలుపులో, డాష్‌బోర్డు మీద కారు జారుతున్న బొమ్మ పసుపు రంగులో టకటకా మెరిసింది. నేను బ్రేకు తొక్కలేదు, అయినా కింద గరగరమంది. బండి ఒక్క కుదుపు కుదిపి మళ్లీ సరిగ్గానే పోయింది. కొని ఎనిమిది నెలలే అయింది. మా బావమరిది "ఆ బటన్ నొక్కి ఆపేసుకో బావా, బండి ఫ్రీగా పోతుంది" అంటున్నాడు. పైన క్యారియర్ మీద మూడు టిక్కీల (బస్తాల) మిర్చి ఉంది. అదేమన్నా కారణమా?
– ఒక రైతు, ప్రత్తిపాడు

జవాబు: ముందు మీ బావమరిది చేతికి ఆ బండి తాళం ఇవ్వకండి.

ఆ లైటు మెరిసిందంటే రోగం కాదు, వైద్యం. మెరిసి ఆరిపోతే స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి జారిపోకుండా తనంతట తానే పట్టుకునే ఏర్పాటు, పని చేసిందని. ఆరకుండా వెలుగుతూనే ఉంటే అప్పుడు రోగం, లేకపోతే ఎవరో ఆఫ్ చేశారని. మీకు వినిపించిన గరగర ఏబీఎస్ పంపుది, మీరు తొక్కకుండానే బ్రేకు వేసేది అదే.

స్టెబిలిటీ కంట్రోల్ లేని రోజుల్లో ఏమయ్యేదో నా మీదే జరిగింది, చెబుతాను. డిసెంబరు నెల, ఉయ్యూరు దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. నాది పాత డీజిల్ జీపు. ఎదురుగా బస్సు వస్తే ఎడమకి కోశాను, వెనక చక్రాలు వడ్ల మీదికి ఎక్కాయి. గింజ మీద గింజ దొర్లితే టైరుకి పట్టేముంటుంది? వెనక భాగం ముందుకి వచ్చేసింది. కళ్లు తెరిచి చూస్తే జీపు మొహం బెజవాడ వైపు ఉంది. నేను వెళ్తున్నది పామర్రు. పారతో ఒక పెద్దాయన పరిగెత్తుకొచ్చాడు. నాకేమైందో అడుగుతాడనుకున్నాను. "వడ్లన్నీ తొక్కేశావు కదయ్యా" అన్నాడు.

ఇప్పుడు మీ బండిలో జరిగింది చూడండి. స్టీరింగ్ ఎంత తిప్పారో ఒక సెన్సర్ చూస్తుంది. బండి నిజంగా ఎంత తిరుగుతోందో ఇంకోటి చూస్తుంది. ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూడటానికి ఒక్కోటి, పక్కకి ఎంత తోసుకుపోతోందో చూడటానికి మరొకటి. మీరు అడిగిందీ, బండి చేస్తున్నదీ ఒకటేనా అని లోపలి కంప్యూటర్ సెకనుకి 25 సార్లు పోల్చుకుంటుంది. తేడా వస్తే ఒక్క చక్రానికి బ్రేకు వేస్తుంది. ఎద్దుల బండి మలుపు తిప్పేటప్పుడు లోపలి ఎద్దు పగ్గం బిగబడతాం కదా, అచ్చం అదే. మలుపు తిరగకుండా బండి నేరుగా జారిపోతుంటే లోపలి వైపు వెనక చక్రాన్ని పట్టుకుంటుంది, ముక్కు లోపలికి తిరుగుతుంది. నా జీపులా తోక ఊపితే బయటి వైపు ముందు చక్రాన్ని పట్టుకుని సర్దుతుంది. అవసరమైతే ఇంజిన్ పవర్ కూడా కోస్తుంది. మీ బావమరిదికి "ఫ్రీగా పోవట్లేదు" అనిపించేది దానివల్లే.

ఈ ఏర్పాటు 1995లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చింది, బాష్ వాళ్లతో కలిసి చేసింది. రాజుల బండికి మాత్రమే అనుకున్నారు. 1997లో అదే కంపెనీ పొట్టిగా, ఎత్తుగా ఉండే ఏ క్లాస్ అనే చిన్న కారు తెచ్చింది. స్వీడన్‌లో ఒక పత్రిక వాళ్లు, రోడ్డు మీదికి దుప్పి అడ్డమొస్తే చటుక్కున తప్పించినట్టు దాన్ని అటూ ఇటూ కోసి చూశారు. పల్టీ కొట్టింది. పరువు పోయాక ఆ కార్లన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ పెట్టారు. నాకు ఇందులో నచ్చేది ఇదే. పొట్టి పొడవు, ఎక్కువ ఎత్తు, సరిగ్గా మన చిన్న ఎస్‌యూవీల ఒడ్డూ పొడుగూ. మనకి దుప్పులు లేకపోయినా గేదెలు ఉన్నాయి. కార్లని గుద్ది చూసి భద్రతకి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో మొదలైంది, అందులో మూడు స్టార్లు గానీ ఆపైన గానీ కావాలంటే ఇది ఉండి తీరాలి.

ఇక మీ మిర్చి సంగతి. ఒక్కో టిక్కీ నలభై కిలోల పైమాటే కదా, మూడంటే 120 దాటింది. ఇలాంటి బండ్ల టాపు మీద కంపెనీలు ఒప్పుకునే బరువు సాధారణంగా 50 నుంచి 75 కిలోలు, మీ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. సీట్లు మడిచి కింద వేసుకుంటే బాధ లేదు, నెత్తిన పెడితే మలుపులో ఒరిగేది అదే. బురద కారణం, టిక్కీలు తోడు. పైగా ఆ కంప్యూటర్‌కి లేని పట్టు పుట్టించే విద్య రాదు. రోడ్డుని తాకేది ఒక్కో టైరుకి అరచేయంత చోటు. అది రేగడి బురదతో నిండిపోతే ఏ చక్రానికి బ్రేకు వేసినా జారేదే. డ్రైవర్ డోరు తెరిస్తే పక్క పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, లోడుకి ఎంత గాలి పెట్టాలో అందులో వేరుగా రాస్తారు. అది చూసి పట్టించండి.

ఆఫ్ బటన్ ఎందుకిచ్చారు అంటారా? చేలో దిగబడినప్పుడు. చక్రం జారుతుంటే అది పవర్ కోసేస్తుంది, బండి బయటికి రాదు. అప్పుడు ఆఫ్ చేసి, గట్టెక్కగానే ఆన్ చేయాలి.

ప్రశ్న: 2023 మోడల్ హైబ్రిడ్ ఎస్‌యూవీ సింగ్‌నగర్‌లో బాగా తక్కువకి వస్తోంది. వరదలో టైర్ల దాకే నీళ్లొచ్చాయని ఓనరు అంటున్నారు. తీసుకోనా?
– ఒక పాఠకుడు, గన్నవరం

జవాబు: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నిలబడ్డాయి తమ్ముడూ. టైర్ల దగ్గర ఆగిన బండ్లు ఉండొచ్చు, ఇది వాటిలో ఒకటేనా అన్నది చూడాలి. మామూలు కారైతే ఇంజిన్ విప్పి ఎండబెట్టి ఏదో తిప్పలు పడతాం. ఇందులో పెద్ద బ్యాటరీ వెనక, కిందుగా ఉంటుంది. ఎనిమిదేళ్ల వారంటీ అంటారు, నీళ్లు తాగిన బ్యాటరీకి అది అక్కరకు రాదు. నారింజ రంగు వైర్లు కనిపిస్తే ముట్టుకోవద్దు, హై వోల్టేజి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఏమైనా అయిందేమో ముందు కనుక్కోండి. తర్వాత డిక్కీ మ్యాట్ ఎత్తి మూలల్లో వేలు పెట్టి చూడండి, ఒండ్రు ఉంటే వేలికి అంటుతుంది. కార్పెట్ కడుగుతారు, సీటు కవర్లు మారుస్తారు గానీ సీటు బెల్టు జోలికి ఎవరూ పోరు. డ్రైవర్ సీటు బెల్టు చివరిదాకా లాగండి. ఆఖరి జానెడులో మట్టి గీత కనిపిస్తే ఆయన ఇచ్చిన టీ తాగి వచ్చేయండి.