కట్టిన కారు బొమ్మలా కాక నిజం కారులా కనిపించాలంటే ఏం చేయాలి?

మీ మొదటి 1/24 కిట్ (అసలు కారులో ఇరవై నాలుగో వంతు సైజులో, ప్లాస్టిక్ ముక్కలు అంటించి కట్టే మోడల్ కారు) సూచనల కాగితం ప్రకారమే కట్టానని, ఎక్కడా జిగురు మరక కూడా లేదని, అయినా బొమ్మ కారులాగే ఉందని రాశారు. ఎయిర్‌బ్రష్, అంటే గాలి ఒత్తిడితో రంగుని సన్నగా చిమ్మే పెన్ను లాంటి పరికరం, కొంటే తేడా వస్తుందా అని అడిగారు. క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన మెరుపు పూత) కొట్టాక బానెట్ మీద రంగు తెల్లగా పాలిపోయిందని కూడా చెప్పారు. విజయవాడలో మా ఇంటి మేడ మీద పదకొండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. మీరు రాసినవన్నీ నాకూ జరిగాయి. ఎయిర్‌బ్రష్ ఇప్పుడే కొనకండి. ముందు ఒక లెక్క అలవాటు చేసుకోండి. మోడల్ మీద ఏది కనిపించినా 24తో గుణించి చూడండి. అసలు కారు మీద ఏది కనిపించినా 24తో భాగించండి.

ఈ లెక్క నాకు ఒక పెయింటర్ దగ్గర పట్టుబడింది. మా బాబాయికి ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్ ఉండేది. నేను కట్టిన రెండో కారు, ఎర్రటి స్పోర్ట్స్ కారు, అక్కడికి తీసుకెళ్ళి పెయింటర్ గారికి చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి, తలుపు గీత మీద గోటితో గీరి, "రంగు సందులో దిగి కూర్చుంది బాబూ. నిజం బండికి ఇంత మందం కొడితే తలుపు తెరుచుకోదు" అన్నారు. ఇంటికొచ్చి లెక్కేశాను. ఫ్యాక్టరీలో వేసే పూత ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత), రంగు, క్లియర్ అన్నీ కలిపి సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు, అంటే దాదాపు మిల్లీమీటరులో పదో వంతు. స్ప్రే డబ్బాతో దఫదఫాలుగా దట్టంగా కొడితే మన మోడల్ మీదా అంత మందం తేలిగ్గా వచ్చేస్తుంది. దాన్ని 24తో గుణిస్తే రెండున్నర మిల్లీమీటర్లు! నిజం కారు మీద అంత మందాన రంగు పోస్తే అంచులన్నీ మొద్దుబారవా? మీ కారు బొమ్మలా ఉండటానికి సగం కారణం ఇదే అయ్యుంటుందని నా నమ్మకం.

అందుకని రంగు కన్నా ముందు బాడీ మీద ఎక్కువ సమయం పెట్టండి. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట ప్లాస్టిక్ మీద సన్నటి గీత నిలబడి ఉంటుంది. ఫెండర్ల మీదా, పైకప్పు స్తంభాల మీదా చేత్తో తడిమితే తెలుస్తుంది. 600 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) మొదలుపెట్టి 1000తో నీళ్ళు తడుపుతూ దాన్ని పూర్తిగా తీసేయండి. తర్వాత తలుపు, బానెట్, డిక్కీ గీతలను స్క్రైబర్‌తో (గీతలు గీకే మొనదేలిన పనిముట్టు) గానీ పాత బ్లేడు వెనక వైపుతో గానీ మెల్లగా రెండు మూడు సార్లు లోతు చేయండి. వెడల్పు చేయకూడదు, లోతు మాత్రమే. నిజం కారులో తలుపు సందు 4 మిల్లీమీటర్లనుకుంటే మనకు 0.17 మిల్లీమీటరు కావాలి. కిట్‌లో వచ్చే గీతలు చాలావరకు అంతకన్నా వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటాయి. రెండు పూతల రంగు పడేసరికి అవి పూడిపోతాయి. లోతు చేశాక గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఇక ఒట్టి చేత్తో ముట్టుకోకండి. వేలి జిడ్డున్న చోట రంగు పట్టదు.

రంగు కొట్టేటప్పుడు మొదటి రెండు దఫాలు మంచు పట్టినట్టు మాత్రమే పడాలి, కింద ప్రైమర్ కనిపిస్తూనే ఉండాలి. మధ్యలో పది, పదిహేను నిమిషాలు ఆగండి. మూడో దఫా కొంచెం తడిగా, మెరుపు వచ్చేంత వరకే. ఏ కొత్త డబ్బా అయినా ముందు ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి చూస్తాను. చెంచా వంపు ఫెండర్ వంపులాగే ఉంటుంది కాబట్టి రంగు ఎక్కడ కారుతుందో ముందే తెలుస్తుంది.

ఇక మీ తెల్లదనం సంగతి. అది గాలిలో తేమ వల్ల. స్ప్రే డబ్బాల్లో వచ్చే, లాకర్ అనే త్వరగా ఆరే రకం పెయింట్‌లో ఉండే థిన్నర్ చాలా వేగంగా ఆవిరవుతుంది, ఆ క్షణంలో ఉపరితలం చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరి పూతలో చిక్కుకుంటుంది. జులైలో ఒక వాన సాయంత్రం తొందరపడి నేనూ నల్ల కారుకి క్లియర్ కొట్టాను. పొద్దున లేచేసరికి పైకప్పంతా బూడిద పూసినట్టుంది. ఏడుపొచ్చినంత పనైంది. ఆటోనగర్ పెయింటర్ గారిని అడిగితే, "కంగారు పడకు, పొడి రోజు చూసి పల్చగా ఇంకో చెయ్యి కొట్టు, కింది పూత కరిగి తేమ పోద్ది" అన్నారు. అలాగే చేశాను, నిజంగానే పోయింది. మీరూ అది గీకేయకుండా ఎండ ఉన్న రోజు, మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు లోపు, డబ్బాని గోరువెచ్చటి నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి పల్చగా ఒక దఫా కొట్టి చూడండి. గోరువెచ్చటి నీళ్ళే, వేడినీళ్ళు వద్దు, డబ్బా పేలుతుంది. మాస్క్ తప్పనిసరి. నేను వానాకాలమంతా బాడీ రంగుల జోలికి పోను, ఆ నెలల్లో ఇంజిన్లు, సీట్లు చేసుకుంటాను.

అదే షెడ్‌లో విన్న ఇంకో మాట: ఎనామిల్ మీద ఎన్‌సీ కొడితే లేచిపోద్ది. ఎనామిల్ అంటే నెమ్మదిగా ఆరే నూనె రకం రంగు, ఎన్‌సీ అంటే లాకర్లలో ఒక రకం. మోడళ్ళకీ ఇదే సూత్రం. కింద ఎనామిల్ ఉండి పైన లాకర్ స్ప్రే పడితే రంగు ముడతలు పడి లేస్తుంది. లాకర్ బాగా ఆరాక దాని మీద ఎనామిల్ పూయొచ్చు. గీతల్లో పోసే రంగు పని అంతా దీని మీదే ఆధారపడి ఉంది. లాకర్ క్లియర్ ఆరాక, పల్చటి ఎనామిల్ రంగు గీతలో చుక్క పెడితే అదే పాకుతూ పోతుంది, బయటికొచ్చింది ఎనామిల్ థిన్నర్ తడిపిన ఇయర్ బడ్‌తో తుడిస్తే కింది పూత చెక్కుచెదరదు. అక్కడ నల్ల రంగు మాత్రం వాడకండి. తెల్ల కారుకి లేత బూడిద, ఎర్ర కారుకి ముదురు గోధుమ. వీధిలో తెల్ల కారు దగ్గర నిలబడి చూడండి, తలుపు సందు నల్లగా ఉండదు.

టైర్లు కూడా నల్లగా ఉండవు. కిట్‌లో వచ్చే రబ్బరు టైరు నిగనిగలాడుతూ, మధ్యలో అచ్చు గీతతో ఉంటుంది. 400 పేపర్ మీద గుండ్రంగా దొర్లిస్తే ఆ గీత పోయి, రోడ్డు మీద తిరిగిన బూడిద రంగు వస్తుంది. రెండు నిమిషాల పని, కారు మొత్తం మారిపోతుంది.

లోపల సీటు బెల్టులు వేయండి. నిజం బెల్టు వెడల్పు 48 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 24తో భాగిస్తే సరిగ్గా 2. రెండు మిల్లీమీటర్ల మాస్కింగ్ టేపు ముక్కకి ముదురు బూడిద రంగు వేసి సీటు మీద కాస్త వదులుగా, ఒక మడతతో అంటించండి. నంబరు ప్లేటు మన పద్ధతిలో కావాలంటే, ఇక్కడి కార్లకి పొడవు ప్లేటు కొలత 500 × 120 మిల్లీమీటర్లు. అంటే మనకు 20.8 × 5. నేను ఫోటో పేపర్ మీద ప్రింట్ చేయించి, అంచులకి తెల్ల రంగు రాసి పెడతాను. మా నాన్నగారి పాత కారు నంబరు, ఏపీ 16 సిరీస్, తమియా కంపెనీ కిట్‌తో కట్టిన బీటిల్ కారుకి పెట్టాను. ఆ చిన్న కాగితం ముక్కని మా అమ్మ చాలాసేపు చూసింది.

క్రోమ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, నాకు బాగా ఇష్టమైన పని ఇది. అద్దాల చుట్టూ ఉండే సన్నటి క్రోమ్ పట్టీలకి వెండి రంగు పూస్తే అల్యూమినియం గిన్నెలా ఉంటుంది తప్ప క్రోమ్ కాదు. మోలోటో లిక్విడ్ క్రోమ్ పెన్ను బాగుంటుంది కానీ ఆరడానికి రోజులు పడుతుంది, పైన క్లియర్ కొడితే మెరుపు పోతుంది. బేర్ మెటల్ ఫాయిల్ వాడటం నేర్చుకోండి. వెనక జిగురున్న అతి పల్చటి రేకు అది. డిక్కీ మీద ఉబ్బెత్తుగా ఉండే పేరు అక్షరాలకి నేనేం చేస్తానంటే, ప్రైమర్ అయ్యాక, రంగుకి ముందే, ఆ అక్షరాల మీద చిన్న రేకు ముక్క వేసి టూత్‌పిక్‌తో సందుల్లోకి అదుముతాను. అంచులు కొత్త బ్లేడుతో అక్షరాలకి దగ్గరగా కోసేస్తాను. దాని మీదే రంగు మామూలుగా కొట్టేస్తాను. రంగు ఆరాక, చొక్కా గుడ్డని వేలికి బిగుతుగా చుట్టి, థిన్నర్ ఒక్క చుక్క అద్ది, దాదాపు పొడిగా అయ్యేదాకా కాగితం మీద తుడిచి, అక్షరాల తలల మీద మాత్రం మెల్లగా రాస్తాను. రంగు పోయి కింది నుంచి రేకు బయటపడుతుంది. అర మిల్లీమీటరు ఎత్తున్న అక్షరాలు ఒక్కొక్కటే మెరుస్తూ లేస్తాయి. ఏ బ్రష్‌తోనూ అంత సన్నగా రాదు. క్లియర్ కోట్ ఆ తర్వాతే.

హెడ్‌లైట్ గాజులకి, అద్దాలకి సూపర్ గ్లూ తేకండి. దాని ఆవిరి పారదర్శక ప్లాస్టిక్ మీద తెల్ల పొగలా పట్టేస్తుంది. నాలుగు నెలలు కష్టపడిన కారుకి చివరి రోజు ముందు అద్దం అలా పోయింది నాకు. బడి పిల్లలు వాడే తెల్ల జిగురు చాలు, ఎండాక కనిపించదు.

ఎయిర్‌బ్రష్ ఎప్పుడు కొనాలంటే, మెటాలిక్ రంగుల మీద మనసు పడ్డప్పుడు. నిజం కార్ల రంగులో ఉండే మెరుపు రేణువులు 1/24కి చాలా పెద్దవి, చీర మీద చమ్కీలా కనిపిస్తాయి. సన్న రేణువున్న మోడల్ రంగుని పల్చగా, సమంగా వేయడానికి ఎయిర్‌బ్రష్ నిజంగా పనికొస్తుంది. తెలుపు, ఎరుపు, నీలం లాంటి మామూలు రంగులకి డబ్బాలే చాలు.

ఆఖరుగా మీరు పెట్టిన ఫోటో. బల్ల ముందు నిలబడి పైనుంచి తీశారు. అది మేడ మీంచి కారుని చూసినట్టు. నిలబడ్డ మనిషి కన్ను నేల నుంచి సుమారు 160 సెంటీమీటర్లు ఉంటుంది, 24తో భాగిస్తే 6.7. ఫోన్ తలకిందులు చేసి లెన్స్ బల్లకి ఆరేడు సెంటీమీటర్ల ఎత్తులో ఉంచి, కాస్త వెనక్కి జరిగి జూమ్ చేసి, కిటికీ వెలుతురులో మళ్ళీ తీయండి. ఆ ఫోటో, బానెట్ మీద తెల్లబడిన చోటు దగ్గరి ఫోటో, రెండూ పెట్టండి. ఏ రకం రంగు మీద ఏది కొట్టారో కూడా రాయండి. పైన లాకర్ పడొచ్చో లేదో చూసి చెప్తాను.