చెప్పిన పైపు ఒకటి, గోడలో వేసింది ఇంకొకటి.. డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురంలో 1992లో కట్టిన ఇల్లు. కింద మేము ఉంటాం, పై వాటా అద్దెకిచ్చాం. పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపులు తుప్పుపట్టి, పొద్దున్నే కుళాయి తిప్పితే ఎర్రనీళ్లు వస్తున్నాయని ఇల్లంతా పైపులు మార్పించాం. తెలిసినవాళ్లు చెప్పిన కాంట్రాక్టరు మెటీరియల్, లేబర్ కలిపి 2,40,000 రూపాయలకు ఒప్పుకున్నాడు. వేడినీళ్లకీ చన్నీళ్లకీ సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) పైపులే వేస్తానని వాట్సాప్‌లో రాశాడు. అంతకుమించి అగ్రిమెంటు లేదు. ఫోన్ ద్వారా 1,40,000, చేతికి 50,000 ఇచ్చాం. మూడో నెలకే బాత్రూం గోడ చెమ్మెక్కింది. రెండు టైల్స్ తీయిస్తే గీజర్ లైన్‌లో తెల్ల పైపు కనిపించింది, జాయింటు వదిలేసి ఉంది. అతన్ని అడిగితే గీజర్ వేడి ఎక్కువ పెట్టడం వల్లే పోయిందని, ముందు మిగతా 50,000 ఇమ్మని మెసేజ్ పెట్టాడు. తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. వేరే ప్లంబరు వేడినీళ్ల లైన్లన్నీ మళ్లీ కొట్టి వేయడానికి టైల్స్‌తో సహా 95,000 అడుగుతున్నాడు. కాగితం లేకుండా కేసు నిలుస్తుందా? పోలీస్ కంప్లయింట్ ఇవ్వాలా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: అమ్మా, కేసు నిలుస్తుంది. కాగితం లేదని దిగులు పెట్టుకోకండి. మీ ఉత్తరం చదివాక నాకు కంగారు కలిగించింది అగ్రిమెంటు సంగతి కాదు, కొత్త ప్లంబరు సంగతి. అతను సుత్తి ఎత్తేలోపు చేయాల్సిన పని ఒకటుంది. మీ సాక్ష్యమంతా ఇప్పుడు ఆ గోడలోనే ఉంది.

కొన్నేళ్ల కిందట ఇలాంటి గొడవతోనే ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. బిల్లులన్నీ తేదీల వరసన ఫైల్లో కుట్టి తెచ్చారు. తీసేసిన పైపులు ఏవండీ అని అడిగితే, రబ్బిష్‌తో పాటు ట్రాక్టర్‌లో పోయాయన్నారు. గోడలో ఏ పైపు ఉండేదో చెప్పడానికి ఆయన మాట, అవతలివాడి మాట తప్ప మూడో ఆధారం లేదు. న్యాయం పూర్తిగా ఆయన వైపే ఉన్నా రాజీలో సగం డబ్బు కూడా రాలేదు. మీకు అలా జరగకూడదు.

అందుకని ముందు గీజర్‌కి వెళ్లే వాల్వ్ కట్టేయండి, గీజర్ స్విచ్ కూడా ఆపేయండి. నాలుగు రోజులు స్నానానికి నీళ్లు పొయ్యి మీద కాచుకోండి. టైల్స్ తీసిన చోట పైపును పగటి వెలుతురులో దగ్గర నుంచి ఫొటోలు తీయండి. పైపు పొడవునా వరసగా అచ్చు ఉంటుంది: కంపెనీ పేరు, సైజు, ప్రమాణం నంబరు. తాగునీటికి వాడే సీపీవీసీకి మన దేశంలో ప్రమాణం ఐఎస్ 15778. చన్నీళ్లకి వాడే మామూలు ప్లాస్టిక్ పైపు యూపీవీసీకి ఐఎస్ 4985 ఉంది, అమెరికా ప్రమాణమైన ఏఎస్‌టీఎం నంబరుతో వచ్చే తెల్ల పైపులూ ఉంటాయి. ఆ అచ్చు గోడ లోపలి వైపుకి తిరిగి ఉండొచ్చు. చిన్న అద్దం పెట్టి చూడండి, సిమెంటు అంటుకుని ఉంటే తడిగుడ్డతో తుడవండి, గీకవద్దు. ఆ ఒక్క వరస అక్షరాలు మీకు పది మంది సాక్షుల పెట్టు.

ఇక్కడ అతని జవాబు అతనికే ఎదురు తిరుగుతుంది. సీపీవీసీని వేడినీళ్ల కోసమే తయారు చేస్తారు, అది 90 డిగ్రీల పైవరకూ వేడిని తట్టుకుంటుంది. మామూలు యూపీవీసీ చన్నీళ్ల పైపు. గీజర్ నుంచి వచ్చే 60, 70 డిగ్రీల నీళ్లు రోజూ పారితే అది మెత్తబడి కిందికి జారుతుంది, జాయింట్ల దగ్గర పట్టు వదిలేస్తుంది. గీజర్ వేడికి పైపు పోయిందని అతను రాశాడంటే, వేడినీళ్లకి పనికిరాని పైపు వేశానని తన చేత్తో ఒప్పుకున్నట్టే. ఆ మెసేజ్‌ని ప్రాణంలా కాపాడుకోండి. ఆ ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి ఇస్తే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లోని సెక్షన్ 63 ప్రకారం వాటితోపాటు సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫారంలో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి, లాయరుంటే ఆయనే నింపి చేయిస్తారు.

ఫొటోలయ్యాక సివిల్ ఇంజినీరు ఒకరిని పిలిచి, గోడ చూపించి, రిపోర్టు రాయించుకోండి. అందులో ఏ పైపు ఉంది, ఎక్కడ వదిలింది, ఎందుకు వదిలింది, సరిచేయడానికి ఎంత అవుతుంది అన్న నాలుగూ ఉండాలి. దీనికి ఖర్చవుతుంది, కానీ ఆ ఖర్చు కూడా మీరు కేసులో అడగవచ్చు.

తర్వాత నోటీసు. వినియోగదారుల కేసుకి నోటీసు తప్పనిసరి అని చట్టంలో లేదు, అయినా నేను పంపమనే చెబుతాను. ఏం ఒప్పుకున్నాడు, ఏం వేశాడు, ఇంజినీరు ఏం తేల్చాడు అన్నవి రాసి, పది రోజుల్లో వచ్చి చూసి సరిచేయమని, లేకపోతే ఫలానా తేదీన వేరేవాళ్ల చేత చేయించుకుని ఆ ఖర్చు అతని నుంచి వసూలు చేస్తామని చెప్పండి. స్పీడ్ పోస్టులో పంపి అందినట్టు రుజువు ఉంచుకోండి, అదే కాపీ వాట్సాప్‌లోనూ పెట్టండి. గోడ కొట్టే తేదీ ముందే చెప్పారు కాబట్టి, నేను లేనప్పుడు పైపు మార్చి పెట్టారని అతను రేపు అనలేడు.

పది రోజులు దాటితే నిస్సంకోచంగా పని చేయించుకోండి. కేసు తేలేదాకా తడిగోడతోనే ఉండాలని చట్టం అనదు. పైగా 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 నష్టపరిహారం లెక్కగట్టేటప్పుడు, ఆ ఇబ్బందిని తగ్గించుకునే మార్గాలు మీకు ఏమున్నాయో కూడా చూడాలంటుంది. ఏడాదిపాటు నీళ్లు కారనిచ్చి, గోడంతా పోయిందని అడిగితే ఆ అదనపు నష్టం మీ మీదే పడవచ్చు. కొట్టేటప్పుడు వీడియో తీయించండి. తీసిన పైపులో అచ్చు ఉన్న ముక్క, వదిలేసిన జాయింటు, ఎల్బో (మలుపు ముక్క) అన్నీ సంచిలో వేసి, తేదీ రాసి, ఇంజినీరు సంతకంతో మూతి కట్టి ఉంచండి. వస్తువు నాణ్యత పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కేసు వినే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబ్‌కి పంపగలదు. పంపడానికి ముక్క ఉండాలి కదా.

కొత్త ప్లంబరు చెప్పిన 95,000ని విడగొట్టి రాయించుకోండి. ఇల్లంతా పైపులు మార్చే పనిలో పైపుల ఖరీదుకన్నా గోడ కొట్టడం, మళ్లీ పూయడం, టైల్స్, వాటర్‌ప్రూఫింగ్, పెయింటు, కూలీలు కలిసి ఎక్కువ తినేస్తాయి. టైల్స్ ఎలాగూ తీస్తున్నాం కదా అని మంచి రకం వేయించుకుంటే ఆ తేడా కమిషన్ ఇవ్వదు. పాత రకం వేస్తే ఎంత, మీ ఇష్టంతో పెరిగింది ఎంత అని రెండు బిల్లులుగా తీసుకోండి. అప్పుడు మీరు అడిగిన ప్రతి రూపాయికీ కారణం కనిపిస్తుంది.

కాగితం సంగతికి వస్తాను. నోటి మాటతో చేసుకున్న ఒప్పందం కూడా ఒప్పందమే. మీకు అంతకన్నా ఎక్కువే ఉంది: పైపు రకం అతనే రాశాడు, బ్యాంకు స్టేట్‌మెంటులో 1,40,000 ఉంది. చేతికిచ్చిన 50,000కి రసీదు లేకపోయినా, మిగతా 50,000 ఇమ్మని అతను పెట్టిన మెసేజ్ ఉంది. 2,40,000లో 50,000 మిగిలిందంటే 1,90,000 ముట్టిందని అర్థం. మొత్తం ఎంతకి ఒప్పుకున్నాడో కూడా చాట్‌లో ఎక్కడైనా ఉందేమో వెతకండి.

కేసు వేయాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు ఉండే చోటే వేయవచ్చు, కాంట్రాక్టరు ఏ ఊరివాడైనా సరే. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకూ జిల్లా కమిషనే చూస్తుంది. 5 లక్షల వరకూ అయితే ఫీజు లేదు, అంటే మీకు ఫీజు సున్నా. వినియోగదారుల కేసుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతి ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. అలా అని రెండేళ్లూ ఆగకండి. కేసుకి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఒక్కోసారి అక్కడే తెగిపోతుంది.

అతని లాయరు రెండు అడ్డుపుల్లలు వేయవచ్చు. నేను కూలిపని చేసేవాణ్ణి, ఇది సేవ కిందికి రాదు అనవచ్చు. యజమాని చెప్పినట్టల్లా చేసే జీతగాడి పని వేరు, పనంతా ఒప్పుకుని తన పద్ధతిలో చేసి ఇచ్చే కాంట్రాక్టు వేరు. ఈ తేడాను సుప్రీంకోర్టు 1995లో డాక్టర్ల విషయంలో వి.పి.శాంత కేసులో విడమరచి చెప్పింది. ఇళ్ల నిర్మాణం సేవేనని అంతకు ముందే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది. రెండోది, పై వాటా అద్దెకిచ్చారు కాబట్టి ఇది వ్యాపారం అనవచ్చు. 2019లో లీలావతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చూడమన్నది ఆ లావాదేవీ ముఖ్య ఉద్దేశం ఏమిటన్నదే. మీరు కాపురముంటున్న ఇంటికి నీళ్లు సరిగ్గా రావడమే మీ ఉద్దేశం, పైన ఒక వాటా అద్దెకి ఉన్నంత మాత్రాన అది మారదు.

ఏం అడగాలి? సరిచేయడానికి అయిన ఖర్చు, పెయింటు, పాడైన సామాను, ఇంజినీరు ఫీజు, మనోవేదనకు పరిహారం, కేసు ఖర్చులు. ఇందులో సేవాలోపం ఒక్కటే కాదు, ఒక రకం చెప్పి ఇంకో రకం అంటగట్టడం అనుచిత వ్యాపార పద్ధతి కూడా. ఫిర్యాదులో రెండూ రాయండి. లక్షలకు లక్షలు మనోవేదన కింద అడగమని ఎవరైనా చెబితే వినకండి. నా అనుభవంలో బిల్లులతో అడిగిన మొత్తమే చేతికొస్తుంది. ఆర్డరు వచ్చాక అతను కట్టకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు వేసే అధికారం కమిషన్‌కి సెక్షన్ 72 కింద ఉంది.

మిగతా 50,000 ఇప్పుడు ఇవ్వకండి. అతను ఒప్పుకున్న పని చేసి ఉంటేనే మీరు బాకీ. కానీ ఊరికే మౌనంగా ఉండవద్దు. పైపు మార్చావు కాబట్టి ఆపాను, ఖర్చుల్లో సర్దుతాను అని నోటీసులో రాయండి. కమిషన్‌కి కూడా దాచకుండా చెప్పండి, చివరి లెక్కలో అది తీసివేస్తారు.

పోలీసుల దగ్గరికి వెళ్లాలన్న ఆలోచన నాకు అర్థమవుతుంది. మీ వయసులో రోజూ ఆ తడిగోడ చూస్తుంటే కోపం రాకుండా ఉండదు. అయితే మోసం కేసు, అంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318, నిలవాలంటే ఒప్పుకున్న నాటికే అతనికి మోసం చేసే ఉద్దేశం ఉందని తేలాలి. మాట తప్పిన ప్రతివాడూ మోసగాడు కాదని సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ వర్మ కేసులో చెప్పింది. సీపీవీసీ బిల్లు చూపించి యూపీవీసీ వేసినట్టు కాగితాలు దొరికితే అప్పుడు ఆలోచిద్దాం. ఈలోగా మీ ఓపికంతా కమిషన్ కేసు మీద పెట్టండి.

ఇదే రకం తిప్పలు కొత్త ఫ్లాట్లలో పడుతున్నవాళ్లకి ఒక మాట. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, సెక్షన్ 14(3) ప్రకారం ఫ్లాటు స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు పనితనంలోనో నాణ్యతలోనో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలి. దానికి ఈ దారి అంతా తిరగక్కర్లేదు.

అమ్మా, ఈసారి కొత్త ప్లంబరుతో మాత్రం నూరు రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకోండి. పైపు రకం, ఐఎస్ నంబరు, వేడినీళ్లకి ఏది, చన్నీళ్లకి ఏది అన్నవి పేరుపేరునా ఉండాలి. గోడ పూయకముందే పంపుతో ప్రెజర్ టెస్టు చేసి చూపించాలని, అది చూశాకే తర్వాతి విడత డబ్బని రాయండి. గోడ మూసేముందు ప్రతి లైనూ కొలత టేపు పక్కన పెట్టి ఫొటో తీసుకోండి. రేపు మేకు కొట్టాలన్నా పనికొస్తుంది.

చట్టానికి సంబంధం లేని విషయం ఒకటి, చెప్పకుండా ఉండలేను. పాత ఇళ్లలో కొన్నిచోట్ల ఎర్తింగ్ వైరును జీఐ పైపుకే కట్టేవారు. ఆ పైపు తీసి ప్లాస్టిక్ వేస్తే ఎర్త్ తెగిపోతుంది, గీజర్‌లో షార్ట్ అయితే ప్రాణం మీదికి వస్తుంది. గీజర్ స్విచ్ మళ్లీ వేసేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, కింద వాటాలోనూ పై వాటాలోనూ ఎర్తింగ్ చూపించండి. అద్దెకున్నవాళ్లకి కూడా ఇవాళే చెప్పండి.