నందాదేవి పాదాల చెంతకు దారి ఎందుకు మూసివేశారు?

ప్రశ్న: మన దేశంలో ఎత్తైన శిఖరం కాంచనగంగ అని కొందరు, నందాదేవి అని కొందరు అంటున్నారు. ఏది సరైనది? నందాదేవిని ఎక్కనివ్వరన్నది నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: 8,586 మీటర్ల కాంచనగంగ ఎక్కువ ఎత్తైనదే అయినా నేపాల్ సరిహద్దుపై ఉంది; పాకిస్తాన్ అధీనంలోని ప్రాంతాన్ని పక్కన పెడితే, పూర్తిగా మన నేలపైనే నిలిచిన శిఖరాలలో ఉత్తరాఖండ్‌లోని నందాదేవి (7,816 మీటర్లు) అత్యున్నతమైనది.

దాని అసలు విశిష్టత ఎత్తులో కాక, చుట్టూ కోటగోడలా నిలిచిన పర్వతవలయంలో ఉందని నా అభిప్రాయం. ఆ వలయాన్ని చీల్చుకొని బయటికి వచ్చే ఋషిగంగ లోయ ఎంత ఇరుకైనదంటే, బ్రిటిష్ పర్వతారోహకులు షిప్టన్, టిల్‌మన్‌లు 1934లో ఆ దారి కనుగొనేవరకు లోపలి పచ్చికబయళ్లను చేరినవారి దాఖలా లేదు. టిల్‌మన్, మరో బ్రిటిష్ పర్వతారోహకుడు ఓడెల్ 1936లో శిఖరాన్ని అధిరోహించారు. భూర్జవృక్షాలు ఆగిపోయిన ఎత్తుకు పైన, కొద్ది నెలలే మంచు కరిగి ఉండే ఆ బయళ్లలో భరల్ అనే అడవి గొర్రెలు మేస్తాయి, వాటిని వేటాడుతూ మంచు చిరుతలు తిరుగుతాయి.

తరువాతి కాలంలో యాత్రికులు వంటచెరకు కోసం చెట్లు నరికి, చెత్త వదిలి వెళ్లడంతో, 1980ల ఆరంభంలో ప్రభుత్వం లోపలి ప్రాంతానికి ప్రవేశాన్ని నిలిపివేసింది. 1988లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. శిఖరాన్ని చూడాలనుకుంటే ఉత్తరాఖండ్‌లోని ఔలీ నుండి, ఆకాశం నిర్మలంగా ఉన్న ఉదయాన, స్పష్టంగా చూడవచ్చు.