కాటా గుమస్తా పేరేమిటి?

ప్రశ్న: గుణుపూర్ పత్తి మిల్లులో కాటా గుమస్తాని. కొత్త సాఫ్ట్‌వేర్‌లో నా పేరు లేదు, ‘కాటా’ అనే ఉంది. రాత్రి డ్యూటీ అబ్బాయిదీ నాదీ ఒకటే లాగిన్. అతని తూకం తేడా వస్తే నన్ను నిలదీస్తున్నారు. తేమ 12 శాతం దాటితే సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) ఎందుకు కొనదో రైతులకు ఒడియాలో, తెలుగులో నచ్చజెప్పేదీ నేనే. అది ఎక్కడా ఎక్కదు.
- రాయగడ జిల్లా పాఠకురాలు

జవాబు: అమ్మా, సాఫ్ట్‌వేర్‌లో హోదాని బట్టి అధికారాలు ఇవ్వడం తప్పు కాదు. 1992లో ఫెరాయోలో, కున్ అనే ఇద్దరు అమెరికన్లు ఈ పద్ధతిని ప్రతిపాదించారు. అధికారాలు హోదాకి, హోదా మనిషికి. మీరు సెలవు పెడితే ఆ హోదా ఇంకొకరికి ఇస్తారు, కాటా ఆగదు. కానీ అందులోనూ ఎవరి లాగిన్ వాళ్లదే! ఇద్దరికీ ఒకే పాస్‌వర్డ్ ఇవ్వడం మీ మిల్లువాళ్లు చేసిన పని, ఆ పద్ధతిది కాదు. మీ ఇద్దరికీ వేరువేరు లాగిన్లు పెట్టి, రెండింటికీ ‘కాటా’ హోదా ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. అప్పుడు ప్రతి తూకం పక్కనా పేరూ టైమూ పడతాయి. అంతవరకు డ్యూటీ మారేటప్పుడు రిజిస్టర్లో ఇద్దరూ సంతకం పెట్టండి.

రైతులతో మాట్లాడే పనికి ఏ సాఫ్ట్‌వేర్లోనూ గడి ఉండదు, నాకు మండేది అక్కడే. ఏ బండి దగ్గర పేచీ వచ్చిందో, ఎలా తేలిందో రిమార్కుల్లో ఒక్క ముక్క రాయండి. జీతం పెంచమని అడిగేరోజు అవే చూపించండి.